ఏడో రోజు మిగిలేది



యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకునే సభల్లో ఆయన జీవితం గురించి చెప్పేవారికి కొదవలేదు. అందులో నేను కొత్తగా కలిపేదీ లేదు. ఆయన్నే ఎదురుగా కూర్చోబెట్టి వినిపించదగ్గ విషయం నా దగ్గర ఏదైనా ఉందా అని వెతుక్కుంటే ఒకటి దొరికింది. పైత్యరసంలోని ఆమ్లాలను, అంటే మా డాక్టర్లు బైల్ యాసిడ్లు అనేవాటిని, మన చిన్నపేగు ఎంత మేరకు వెనక్కి లాక్కుంటుందో రేడియోధార్మిక పదార్థంతో కొలవడం. వినడానికి ఇరుకు విషయంలాగే ఉంటుంది. కానీ పేగు జబ్బు, కొలత, ఈ రెండూ సుబ్బారావుగారికి బాగా తెలిసినవి.

భీమవరంలో 1895లో పుట్టిన ఆయనకు స్ప్రూ అనే పేగు జబ్బు పుస్తకంలో చదువుకున్నది కాదు. మన పెద్దలు గ్రహణి అనే కోవలోదే అది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి ఎండిపోతాడు. తోబుట్టువును ఆ జబ్బు మింగింది, ఆయన్నూ మంచాన పడేసింది. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయగలిగింది, అది స్ప్రూ రోగులకూ పనికొచ్చింది. ఈ కథ మీకు తెలిసిందే. అంతకు 20 ఏళ్ల ముందు సంగతిని మాత్రం మనం తక్కువగా తలుచుకుంటాం. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు ముదురును బట్టి కొలిచే పద్ధతిని ఆయన ప్రకటించారు. ఆ పద్ధతి చేతికొచ్చాకే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, ఆ వెంట ఏటీపీ బయటపడింది. అంతకుముందు అవి కండరంలో లేక కాదు, పట్టుకునే కొలత లేక. ఇవాళ నేను చెప్పబోయే జబ్బు చరిత్ర కూడా ఇంతే. అది ఎప్పటినుంచో ఉంది. కొలిచే దారి దొరికేదాకా రోగి మాట మీద ఎవరికీ నమ్మకం కుదరలేదు.

ముందు శరీరం చేసే పని చూద్దాం. కాలేయం కొలెస్టరాల్ నుంచి బైల్ యాసిడ్లను తయారుచేస్తుంది. అవి పిత్తాశయంలో నిలవ ఉండి, మనం భోంచేయగానే పేగులోకి దిగి, కొవ్వును సన్నటి తుంపరలుగా విడగొట్టి అరుగుదలకు అందిస్తాయి. పని అయిపోయాక చిన్నపేగు చివరి భాగమైన ఇలియం వాటిని పట్టుకుని రక్తంలోకి పంపుతుంది, కాలేయం మళ్లీ అందుకుని పైత్యరసంలోకి వదులుతుంది. ఒంట్లో ఉన్న మొత్తం సరుకు 2 నుంచి 4 గ్రాములు. ఆ కాస్త సరుకే రోజుకు ఐదారుసార్లు, కొందరిలో పదిసార్ల దాకా, కాలేయం నుంచి పేగుకూ పేగు నుంచి కాలేయానికీ తిరుగుతూ ఉంటుంది. ఒక్కో తిరుగుడులో 95 శాతానికి పైగా వెనక్కి వస్తుంది. రోజు మొత్తం మీద మలంలో పోయేది అర గ్రాము అటూ ఇటూ. కాలేయం అంత మేరకు కొత్తది చేసి భర్తీ చేస్తుంది. నెలజీతంతో ఇల్లు నడిపే ఇల్లాలు కూడా ఇంత పొదుపు చేయలేదు.

వెనక్కి రావలసింది రాకుండా పెద్దపేగులోకి జారితే ఏమవుతుంది? బైల్ యాసిడ్లలో కొన్ని, ముఖ్యంగా కీనోడీఆక్సీకోలిక్, డీఆక్సీకోలిక్ అనేవి, పెద్దపేగు గోడను నీళ్లు కక్కేలా చేస్తాయి. 1971లో మెక్జియన్, ఫిలిప్స్, హాఫ్‌మన్ మనుషుల పెద్దపేగులోకి వీటి ద్రావణాన్ని పంపి ఈ సంగతిని నేరుగా చూపించారు. నీళ్లను పీల్చుకోవలసిన పేగు నీళ్లను వదలడం మొదలుపెడుతుంది. ఫలితం నీళ్ల విరేచనాలు. అన్నం తిన్న వెంటనే పరుగు. బస్సెక్కాలంటే భయం, పెళ్లికి వెళితే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోవడం. రక్తపరీక్షలు బాగుంటాయి, స్కానింగులు బాగుంటాయి, గొట్టం వేసి చూస్తే పేగు నున్నగా మెరుస్తూ ఉంటుంది. డాక్టరు 'మీకేం లేదు, టెన్షన్ తగ్గించుకోండి' అని చీటీ రాస్తాడు.

ఇలియమే ఈ పని చేస్తుందని తెలిసిన తీరు ముచ్చటైనది. 1954లో విల్సన్, వైజ్‌మన్ అనే ఇద్దరు ఒక ఉపాయం కనిపెట్టారు. ఎలుక పేగు ముక్కను సన్నటి కడ్డీ మీదుగా చొక్కా చెయ్యి తిప్పినట్టు లోపలిది బయటికి తిప్పి, ద్రావణం నింపి, రెండు కొసలా దారంతో కట్టి, ఆక్సిజన్ బుడగలు పోయే జాడీలో వేలాడదీయడం. అప్పుడు పేగు పీల్చుకునే పొర బయటివైపు ఉంటుంది, పీల్చుకున్నది సంచి లోపల పోగవుతుంది. లియాన్ లాక్, వైనర్ అనే శాస్త్రవేత్తలు 1961లో ఈ సంచులతోనే ఎలుకల్లో, గినీపిగ్గుల్లో చూశారు. పైభాగం పేగు బైల్ లవణాలను ఎదురెక్కించలేకపోయింది. చివరి ముక్క మాత్రం లోపల ఎక్కువ ఉన్నా ఇంకా లాగి పోగేసింది. దానికి కారణమైన రవాణా ప్రోటీన్‌ను పాల్ డాసన్ బృందం 1994లో పట్టుకుంది. ఏఎస్‌బీటీ అని దాని పేరు. ఆ ప్రోటీన్‌కు జన్యులోపం ఉన్న మనుషులూ కనబడ్డారు గానీ, వారు చాలా అరుదు.

ఎలుక పేగును సంచి చేయొచ్చు. మనిషిలో ఎలా కొలవాలి? తిరుగుతున్న సరుకులో గుర్తు పెట్టిన పిసరంత సరుకును కలిపి, ఎన్ని రోజులకు ఎంత మిగిలిందో చూడటమే దారి. ఈ ఆలోచన ఐసోటోపులతో పాటే వచ్చింది. స్వీడన్‌లో స్యూన్ బెర్గ్‌స్ట్రోమ్ దగ్గర బైల్ యాసిడ్ల మీద గట్టి పని జరుగుతున్న రోజులవి. ఆయనకు 1982లో నోబెల్ వచ్చింది ప్రోస్టాగ్లాండిన్లకు, కానీ ఆయన చేతి కింద తయారైన బైల్ శాస్త్రం కూడా తక్కువది కాదు. 1957లో అక్కడి స్వెన్ లిండ్‌స్టెట్ కార్బన్-14 గుర్తు ఉన్న కోలిక్ ఆమ్లాన్ని మనుషులకిచ్చి, రోజుల తరబడి ముక్కు గుండా గొట్టం దించి పైత్యరసం తీసి, అందులో గుర్తు ఎంత పలచబడుతోందో చూశాడు. లాగరిథం కాగితం మీద చుక్కలు పెడితే అవి చక్కటి గీత మీద పడ్డాయి. గీతను మొదటి రోజుకు వెనక్కి పొడిగిస్తే మొత్తం సరుకు ఎంతో తెలుస్తుంది, గీత వాలును బట్టి రోజుకు ఎంత పోతోందో తెలుస్తుంది. ఒకే గీత నుంచి రెండు జవాబులు. నేను చదువుకునే రోజుల్లో నాకు బాగా నచ్చిన లెక్క ఇది.

కానీ కార్బన్-14తో ఒక చిక్కుంది. అది వదిలే బీటా కణాలు కండలో మిల్లీమీటరు కూడా దాటవు. ఒంటి బయట ఏ యంత్రం పెట్టినా కనబడవు. కాబట్టి బయటికి వచ్చినదాన్ని పట్టుకోవాలి, అంటే మలాన్ని. రోగి రోజుల తరబడి ప్రతి విరేచనాన్నీ తూచిన డబ్బాలో పట్టాలి. ప్రయోగశాలలో దాన్ని నీళ్లతో కలిపి సమంగా చేయాలి. కొన్ని ప్రయోగశాలల్లో దీనికి పెయింటు డబ్బాలనే వాడేవారు. మూత గట్టిగా బిగించి, రంగుల దుకాణంలో రంగు కలిపే యంత్రం లాంటిదాని మీద పెట్టి ఊపేవారు. తర్వాత పిసరు తీసి, రంగు పోగొట్టి, ద్రవ సింటిలేషన్ యంత్రంలో లెక్కించాలి. ఒక్కపూట డబ్బా మర్చిపోతే లెక్కంతా తప్పు. ఆ పని చేసిన టెక్నీషియన్ల పేర్లు ఏ పరిశోధనా వ్యాసం మీదా పెద్దగా ఉండవు. ఇలాంటి పరీక్ష పరిశోధనకు సరే, రోజువారీ ఆసుపత్రికి సరిపడదు.

అయినా ఆ కష్టంతోనే చాలా తెలిసింది. అమెరికాలో మేయో క్లినిక్‌లో, తర్వాత శాన్‌డియాగోలో పనిచేసిన ఆలన్ హాఫ్‌మన్ ఈ రంగానికి పెద్దదిక్కు. 2021లో పోయారు. ఇలియం కోసేసిన రోగుల్లో బైల్ యాసిడ్ల చక్రం తెగిపోతే వచ్చే జబ్బు గురించి ఆయన 1967లో రాశారు. 1969లో పోలీతో కలిసి, బైల్ యాసిడ్లను పేగులోనే అంటించుకునే కొలెస్టిరమిన్ పొడి ఇస్తే వారి విరేచనాలు తగ్గుతాయని చూపించారు. మరో మూడేళ్లకు ఇంకో మెలిక బయటపెట్టారు. ఇలియం కోత 100 సెంటీమీటర్ల లోపు అయితే ఈ పొడి పనిచేస్తుంది. అంతకు మించి కోస్తే కాలేయం ఎంత చేసినా నష్టాన్ని పూడ్చలేదు, బైల్ చాలక కొవ్వు అరగదు, విరేచనాలకు అప్పుడు ఆ కొవ్వే కారణమవుతుంది. అలాంటివారికి పొడి ఇస్తే ఉన్న కాస్త బైల్ కూడా పోతుంది, వారికి కావలసింది కొవ్వు మార్చిన ఆహారం. ఒకే శస్త్రచికిత్స, ఒకే లక్షణం, వైద్యం మాత్రం ఎదురుబొదురు. శస్త్రచికిత్స నోట్సులో ఎంత పొడవు కోశారో అంకె రాయని సర్జను మీద నాకు ఇప్పటికీ కోపమే.

మలం జోలికి పోకుండా ఊపిరితో కొలవొచ్చా అని కూడా చూశారు. 1971లో ఫ్రామ్, హాఫ్‌మన్ చెప్పిన పరీక్ష ఇది. బైల్ యాసిడ్‌కు గ్లైసిన్ అనే తోక ఉంటుంది. ఆ తోకలో కార్బన్-14 పెట్టి మింగిస్తారు. ఇలియం సరిగ్గా పట్టుకుంటే తోక చెక్కుచెదరదు. పట్టుకోకపోతే పెద్దపేగులోని బ్యాక్టీరియా తోకను తెంపుతాయి, ఆ గ్లైసిన్ కాలి కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలోకి వస్తుంది. రోగి ఒక గొట్టం గుండా చిన్న సీసాలోకి ఊదుతాడు. సీసాలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే క్షారం, కాస్త నీలిరంగు ఉంటాయి. నీలం పోయి నీళ్లలా అయిందంటే సరిగ్గా 2 మిల్లీమోళ్లు పట్టుబడ్డాయని లెక్క, ఇక ఊదడం ఆపొచ్చు. ఎంత అందమైన కొలత! సుబ్బారావుగారు చూసి ఉంటే ఆ రంగు మారడం దగ్గర కాసేపు ఆగేవారు. కానీ అందం వేరు, పనికిరావడం వేరు. చిన్నపేగులోనే బ్యాక్టీరియా ఎక్కువైనా ఇదే జవాబు వస్తుంది. తోక ఎక్కడ తెగిందో ఊపిరి చెప్పదు. రెండు జబ్బులను విడదీయాలంటే మళ్లీ మలం డబ్బాలే గతి. మెల్లగా ఆ పరీక్ష వెనకబడింది.

ఇదే ఇలియం చివర మరో పదార్థం కూడా పీల్చబడుతుంది, బి-12 విటమిన్. దానికి 1953లోనే రాబర్ట్ షిల్లింగ్ రేడియోధార్మిక కోబాల్ట్‌తో పరీక్ష కట్టాడు. గుర్తుపెట్టిన బి-12 మింగించి, వెంటనే మామూలు బి-12 ఇంజెక్షను ఇచ్చి, 24 గంటల మూత్రంలో గుర్తు ఎంత వచ్చిందో చూడటం. 1960ల మొదట్లో మన చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉన్న ఉత్తర ఆర్కాటు పల్లెల్లో స్ప్రూ అంటురోగంలా వ్యాపించినప్పుడు, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ ఊళ్లల్లోకి వెళ్లి దాన్ని అధ్యయనం చేశారు. పేగు పీల్చుకునే శక్తిని కొలిచి తీరాలన్న పట్టుదల మన దక్షిణాదికి కొత్తకాదని చెప్పడానికే ఈ ముక్క ఎత్తాను.

ఇప్పుడు అసలు మలుపు. ఎడిన్‌బరోలో జార్జ్ బాయిడ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, మాల్కం మెరిక్ అనే న్యూక్లియర్ మెడిసిన్ వైద్యుడు, అమెర్‌షామ్ రేడియోకెమికల్ సంస్థలోని రసాయన శాస్త్రవేత్తలు కలిసి 1981లో ఒక కొత్త అణువును ప్రకటించారు. టారోకోలిక్ ఆమ్లం అనే బైల్ యాసిడ్ పక్కగొలుసులో ఒక సెలీనియం పరమాణువును ఇరికించారు, అదీ రేడియోధార్మిక సెలీనియం-75. పేరు సీహెచ్‌క్యాట్, పలకడం సీక్యాట్. ఈ ఎంపికలో తెలివి రెండు చోట్ల ఉంది. మొదటిది, సెలీనియం-75 గామా కిరణాలు వదులుతుంది, అవి ఒళ్లు దాటి బయటికొస్తాయి, కాబట్టి మనిషిని కెమెరా కింద పడుకోబెడితే చాలు, ఏ డబ్బాలూ అక్కర్లేదు. రెండోది నాకు ఇంకా నచ్చుతుంది. ఆ చోట సెలీనియం ఉండటం వల్ల బ్యాక్టీరియా తోకను తెంపలేవు. తోక ఉన్నంతకాలం అది పేగు గోడ గుండా దానంతటది జారిపోలేదు, ఇలియంలోని రవాణా ప్రోటీన్ పట్టుకుంటేనే వెళుతుంది. మామూలు బైల్ యాసిడ్లు కొంత పెద్దపేగులోనూ దొంగదారిన లోపలికి వస్తాయి, దీనికి ఆ దారి లేదు. ఊపిరి పరీక్షకు ఏ బ్యాక్టీరియా ఆధారమో, ఇక్కడ వాటికే చేయి అందకుండా చేశారు.

పరీక్ష చేసే తీరు చాలా సాదా. 370 కిలోబెకెరెల్ ఉన్న ఒక క్యాప్సూల్ నీళ్లతో మింగాలి. మూడు గంటలకు ఒక లెక్క, ఏడో రోజు మరో లెక్క. మొదటిదాంట్లో ఎన్నో వంతు మిగిలిందో శాతంలో చెబుతారు. 15 శాతం మించితే మామూలు. 10 నుంచి 15 అయితే తేలికపాటి నష్టం, 5 నుంచి 10 మధ్యరకం, 5 లోపు అయితే తీవ్రం.

బ్రిటన్‌లో నేను పనిచేసిన విభాగానికి గుంటూరు వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన పెద్దాయన ఒకరు వచ్చారు. చిన్నప్పుడెప్పుడో ఇక్కడే పేగు క్షయకు ఆపరేషను అయింది. ఏళ్ల తరబడి విరేచనాలు. తెలుగువాణ్నని తెలియగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. క్యాప్సూల్ మింగి, మూడు గంటలు కూర్చుని, కెమెరా కింద నుంచి లేచాక అడిగారు:

'ఏమండీ డాక్టరుగారూ, మళ్లీ వారానికి రమ్మంటారేం? పొద్దుటినుంచీ ఉన్నానుగా, ఇవాళే చెప్పెయ్యరాదూ?'

'ఇవాళ చెప్పడానికి ఏమీ ఉండదండీ. మీరు మింగింది మీలోనే ఉంది. నాలోనూ ఇలాగే ఉంటుంది.'

'మరి రేపు?'

'రేపు చూసినా మీకూ నాకూ తేడా అంత గట్టిగా తేలదు.'

ఆయనకు నా జవాబు నచ్చలేదు. ఎవరికైనా నచ్చదు. కానీ ఈ పరీక్ష బలమంతా ఆ వారంలోనే ఉంది. లెక్క వేసి చూపిస్తాను. రోజుకు ఐదు తిరుగుళ్లు అనుకుందాం, ఏడు రోజులకు 35. ఒకరి పేగు ఒక్కో తిరుగుడులో 97 శాతం పట్టుకుంటుంది, ఇంకొకరిది 95, మూడో మనిషిది 90. ఒక్క తిరుగుడు తర్వాత చూస్తే ఈ ముగ్గురినీ విడదీయగల యంత్రం ఏ ఆసుపత్రిలోనూ లేదు. 35 తిరుగుళ్ల తర్వాత? మొదటివారిలో 34 శాతం మిగులుతుంది. రెండోవారిలో 17 శాతం దగ్గర. మూడో మనిషిలో రెండున్నర శాతం. మొదట్లో ఏడు శాతమే ఉన్న తేడా చివరికి పద్నాలుగు రెట్లయింది. చక్రవడ్డీ అప్పును ఎలా పెంచుతుందో, ఇక్కడ నష్టాన్ని అలా పెంచి చూపిస్తోంది. యంత్రంతో చేయలేని ఈ పెంపకాన్ని రోగి పేగే చేసి పెడుతుంది, మనం వారం ఆగాలంతే. సెలీనియం-75 అర్ధాయువు సుమారు 120 రోజులు కాబట్టి ఆ వారంలో గుర్తు దానంతటది తరిగేది 4 శాతమే. మామూలు స్కానుల్లో వాడే రేడియోధార్మిక టెక్నీషియం గంటల్లో ఆరిపోతుంది, దానితో ఈ పని కుదరదు.

ఆ పెద్దాయన ఏడో రోజు వచ్చారు. మిగిలింది 5 శాతం లోపు.

కెమెరా గదిలో జరిగేది కూడా కాస్త చెప్పాలి. ఈ క్యాప్సూల్‌లో ఉన్న రేడియోధార్మికత చాలా తక్కువ. ఎముకల స్కానుకు ఇచ్చే టెక్నీషియంతో పోలిస్తే దాదాపు రెండువేల వంతు. రోగికి అందే మోతాదు 0.26 మిల్లీసీవర్ట్, అంటే భూమ్మీద సగటు మనిషికి ప్రకృతి నుంచి 40 రోజుల్లో అందేటంత. రోగికి అది మేలు, లెక్కించేవాడికి తలనొప్పి. కెమెరా ముందుండే సీసపు జల్లెడను తీసేస్తే గానీ చాలినన్ని కౌంట్లు రావు. జల్లెడ తీశాక కెమెరాకు బొమ్మ కనబడదు, మొత్తం వెలుతురు మాత్రమే తెలుస్తుంది, పక్కగదిలో ఎముకల స్కానుకు వచ్చిన మనిషి వెలుతురుతో సహా. నడవాలో ఎవరు కూర్చున్నారో చూసుకోకుండా ఈ లెక్క మొదలుపెట్టిన టెక్నీషియను, ఏడో రోజు మొదటి రోజు కన్నా ఎక్కువ వచ్చిందని నోరెళ్లబెడతాడు. అందుకే రోగికి ముందూ వెనకా ఖాళీ గది లెక్క తీసి, దాన్ని తీసివేయాలి. ఆపైన పేగులో గుర్తు ఒక రోజు కడుపు ముందువైపు, ఒక రోజు వెనకవైపు ఉండొచ్చు. కాబట్టి ముందు నుంచీ వెనక నుంచీ లెక్కించి, రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తారు. ఉదాహరణకు మొదటి రోజు ముందు 6400, వెనక 3600 అనుకోండి. వర్గమూలం 4800. ఏడో రోజు 640, 360, అంటే 480. పదో వంతు. వారంలో తరిగిన 4 శాతాన్ని సరిచేస్తే 10.4. అంటే రోగి మధ్యరకం నుంచి తేలికపాటి గడిలోకి జరిగాడు. ఆ సవరణ మర్చిపోతే రిపోర్టు మారిపోతుంది. గడుల అంచు దగ్గర నిలబడ్డ మనిషికి ఈ గడులేమిటో అని నవ్వు కూడా వస్తుంది, రోగి అంచు మీద ఉంటే గడిని కాదు, మనిషిని చూడాలి.

ఈ కొలత చేతికొచ్చాక ఏం కనబడింది? డెన్మార్క్‌లో థేసెన్ 1976లోనే, ఇలియం బాగానే ఉన్నా బైల్ యాసిడ్లు పోతున్న రోగులను వర్ణించాడు. కొత్త పరీక్షను మొదట్లోనే అందుకుని 1982లో పొట్ట మీద కౌంట్లు తీసి చూసినవాళ్లలోనూ ఆయన బృందం ఉంది. 1985లో మెరిక్ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసం శీర్షికలోనే ఈ జబ్బును మనం తక్కువగా గుర్తిస్తున్నామా అన్న ప్రశ్న ఉంది. జవాబు రావడానికి పాతికేళ్లు పట్టింది. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐబీఎస్), విరేచనాల రకం అని ముద్ర వేసినవారికి ఈ పరీక్ష చేసిన అధ్యయనాలన్నిటినీ 2009లో వెడ్లేక్ బృందం ఒకచోట పేర్చి చూస్తే, నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో బైల్ యాసిడ్ల నష్టం తేలింది. టెన్షన్ తగ్గించుకోమని ఇంటికి పంపిన నలుగురిలో ఒకరి పేగులో నిజంగానే బైల్ కారుతోందన్నమాట. ఇన్నేళ్లు వారిని నమ్మనందుకు వైద్యలోకం ఎవరికీ క్షమాపణ చెప్పినట్టు నాకు తెలియదు.

అయితే ఈ అంకెను చూసి మేమూ ఒకచోట తొందరపడ్డాం, అందరం కలిసే. సరుకు మిగల్లేదు కాబట్టి పేగు పీల్చడం లేదని అనుకున్నాం. ఆ రోగుల ఇలియం ముక్కలు తీసి చూస్తే చాలామందిలో రవాణా బాగానే ఉంది. 2009లో లండన్‌లో జూలియన్ వాల్టర్స్ బృందం వేరే కారణం చూపింది. ఇలియం బైల్ యాసిడ్లను పీల్చుకున్నప్పుడు ఎఫ్‌జీఎఫ్-19 అనే హార్మోనుతో కాలేయానికి కబురు పంపుతుంది, 'చాలు, ఇక తయారుచేయకు' అని. ఈ రోగుల్లో ఆ కబురు బలహీనంగా ఉంది. కాలేయం ఆపకుండా చేస్తూనే ఉంది, వచ్చిపడిన సరుకంతా మోసే శక్తి పేగుకు లేక మిగిలింది పెద్దపేగులోకి పోతోంది. ఏడో రోజు అంకె ఎంత పోయిందో చెబుతుంది, ఎందుకు పోయిందో చెప్పదు. దాన్ని తెలుసుకోవడానికి రక్తం, కణజాలం, హార్మోను కావలసి వచ్చాయి. మరోవైపు, మలబద్ధకానికీ, కాలేయపు జబ్బుల దురదకూ అదే రవాణా ప్రోటీన్‌ను కావాలని అడ్డుకునే మందులు వచ్చాయి. వాటి ప్రధానమైన ఇబ్బంది విరేచనాలే, ఆశ్చర్యమేమీ లేదు.

మరి ఇంత మంచి పరీక్ష ప్రపంచమంతా ఎందుకు లేదు? బ్రిటన్, డెన్మార్క్ లాంటి కొన్ని ఐరోపా దేశాల్లో ఉంది. అమెరికాలో దానికి అనుమతి లేదు. బ్రిటన్‌లో కూడా నైస్ అనే సంస్థ 2012లో ఒకసారి, 2021లో మరోసారి కూర్చుని, ఈ పరీక్ష చేయడం వల్ల రోగి చివరికి బాగుపడుతున్నాడనడానికి ఆధారాలు చాలవు, ఇంకా పరిశోధన చేయండి అంది. 2018లో అక్కడి గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం మాత్రం దీర్ఘకాలిక విరేచనాలకు ఈ పరీక్షగానీ, కాసేపట్లో చెప్పబోయే సీ-4 రక్తపరీక్షగానీ చేయమంది. రెండు మాటలకూ తర్కం ఉంది. నా మొగ్గు సంఘం వైపే. పరీక్ష ఎందుకు, నేరుగా మందిచ్చి చూడొచ్చు కదా అంటారు. ఆ మందు సంగతి తెలియనివాళ్లే ఆ మాట అంటారు. కొలెస్టిరమిన్ అంటే నీళ్లలో ఇసుక కలిపి తాగినట్టు. జబ్బుందని నమ్మకం లేనిదే ఎవరూ నెలల తరబడి తాగరు. వారంలో మానేసినవాడికి మందు పనిచేయలేదో, మందే వాడలేదో ఎలా తేలుతుంది? ఇంకో సంగతి, ఈ క్యాప్సూల్‌ను తయారుచేసేది ప్రపంచంలో ఒకే సంస్థ. షిల్లింగ్ పరీక్ష ఎలా పోయిందో గుర్తుచేసుకోండి. సరుకు చేసేవారు లేక పోయింది, అది తప్పని ఎవరూ రుజువు చేయలేదు.

మన దగ్గరికి వద్దాం. ఇక్కడ ఈ క్యాప్సూల్ మామూలుగా దొరకదు. రోగులు మాత్రం ఉన్నారు. పేగు క్షయ ఎక్కువగా పట్టేది చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటునే. దానికి ఆపరేషను అంటే ఇలియం చివరి ముక్క పోవడమే. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌కు రేడియేషను తీసుకున్న ఆడవాళ్లలో ఆ కిరణాలు పక్కనే ఉన్న ఇలియాన్నీ కాలుస్తాయి. పిత్తాశయం తీయించుకున్నవారిలో కొందరికి విరేచనాలు మొదలవుతాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ బైల్ యాసిడ్ల నష్టం పెరగొచ్చు. ఈ నాలుగు రకాల రోగులూ ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా ఉంటారు. వారిలో ఎందరికి ఈ కారణం ఉందో లెక్క తేల్చాలంటే రేడియోధార్మికత లేని దారి ఒకటుంది. సీ-4 అనే పదార్థం, బైల్ యాసిడ్ల తయారీలో మధ్యమెట్టు. కాలేయం ఎంత తొందరగా తయారుచేస్తుంటే రక్తంలో అది అంత పెరుగుతుంది. పొద్దున్నే పరగడుపున రక్తం తీయాలి, ఎందుకంటే రోజులో దాని మట్టం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మాస్ స్పెక్ట్రోమీటరు ఉన్న ప్రయోగశాల కావాలి. అలాంటి యంత్రాలు హైదరాబాదులో ఉన్నాయి. డెన్మార్క్‌లో సీ-4తో జబ్బును గుర్తించినవారికి, కొలెస్టిరమిన్ లాగే బైల్ యాసిడ్లను అంటించుకునే కోలెసెవెలామ్ మాత్రలిచ్చి, ఉత్తుత్తి మాత్రలతో పోల్చిన పరీక్ష 2023లో వెలువడింది. మాత్రల పక్షమే గెలిచింది. కాబట్టి వారం ఆగే పరీక్ష రాకపోయినా, ఒక పూట రక్తం పంపే ఏర్పాటు కుదురుతుంది.

ఈ సభలో ఉన్న యువ డాక్టర్లు రేపు ఈ మందులు రాస్తే ఒక జాగ్రత్త. ఈ పొడి గానీ మాత్రలు గానీ బైల్‌ను పట్టుకున్నట్టే పక్కన ఉన్న మందులనూ పట్టుకుంటాయి. థైరాయిడ్ మాత్ర, వార్ఫరిన్, కుటుంబ నియంత్రణ మాత్రలు, ఏవైనా సరే, వీటికన్నా కనీసం నాలుగు గంటల ముందు వేసుకోమని రోగికి తెలుగులో రాసివ్వండి. ఏ, డీ, ఈ, కే విటమిన్లను కనిపెట్టుకుని ఉండండి. ఇలియం కోసినవారికి బి-12 కూడా చూడండి, రెండింటినీ పీల్చేది ఆ కొద్దిపాటి పేగే కదా.